పదిహేనో కుర్చీ

కాదు మిస్ వెర్నీస్, మీరే చెప్పండి, ఇదేమన్నా న్యాయమా? నిన్నమొన్నటిదాకా "కోచ్ టాలివర్, కోచ్ టాలివర్" అంటూ నా చుట్టూ తిరిగిన పిల్లలు, సీజన్ అయిపోయి వారం తిరగలేదు, ఒక్కొక్కడూ సంచీ భుజాన వేసుకుని చెక్కేశాడే! ఒకరా ఇద్దరా, సగం జట్టు పోయింది. దాన్ని బాస్కెట్‌బాల్ జట్టంటారా, బస్టాండంటారా? లాకర్ల గదిలో నేను దగ్గితే ఆ దగ్గు గోడలన్నీ తిరిగొచ్చి మళ్ళీ నన్నే పలకరిస్తోంది.

కూర్చోమన్నారా? అనలేదా? అయినా కూర్చుంటాను. ఈ వంటింట్లో ఈ కిటికీపక్క కుర్చీ నాది. మూడేళ్ళ కిందట ఇందులోనే కూర్చుని, మీ మనవడు టెవిన్‌ని కార్వెల్ స్టేట్ కాలేజీకి ఒప్పించుకుపోయాను. మీరు మీ పని కానివ్వండి. గుడ్లు వలుస్తున్నారా? ఇన్నా? చర్చి విందుకా! ఆహా. పాస్టరుగారి అదృష్టం. ఒకటి ఇటు పారేస్తే కాదనను.

వద్దా. సరే. లెక్కపెట్టి ఉడకేసుంటారు.

ఆ, టెవిన్ గురించే వచ్చాను. వస్తున్నానండీ, అక్కడికే వస్తున్నాను. పొద్దున్నే బయల్దేరి ఈ పడూకా ఊరిదాకా కారు తోలుకొచ్చిన ముసలాణ్ణి, నా దారిన నన్ను రానివ్వండి. వాడు కులాసాగానే ఉన్నాడు. దెబ్బలేం తగల్లేదు. పరీక్షలకి చదువుకుంటున్నాడు. నేనిక్కడికి వచ్చానని వాడికి తెలీదు. ఇంకొక్క ఏడాది ఉంది వాడికి, ఆటలోనూ చదువులోనూ. ఆ ఏడాది గురించే మీతో మాట్లాడాలి.

ముందు నా గోడు వినండి.

నేనెవర్ని? ప్రెంటిస్ టాలివర్‌ని! ఈ కెంటకీ రాష్ట్రంలో నేను మట్టి తొక్కని ఊరుందా, నేను ఆపిల్ పై తినని వంటిల్లుందా? పిల్లల్ని కాలేజీకి పట్టుకురావడమంటే ఆ రోజుల్లో వేట, మిస్ వెర్నీస్, వేట! ఒకసారి హార్లన్ కొండల్లో పోతున్నాను. వాన. దారి కనపడ్డం లేదు. ఒక ఇంటి పెరట్లో తీగమీద ప్యాంటు ఆరేసుంది. తీగ నా తలకంటే ఎత్తున ఉంది, ప్యాంటు కాళ్ళు మాత్రం నేలమీద జీరాడుతున్నాయి! బ్రేకు మీద నిలబడ్డాను. కారు ఆగకముందే దూకాను. తలుపు కొట్టి, "అమ్మా, ఈ ప్యాంటు ఎవరిది?" అన్నాను. బొగ్గు గనిలో దిగబోతున్న కుర్రాణ్ణి, హెల్మెట్ నెత్తిమీద ఉండగానే కారెక్కించాను. ఆ యేడు మేం ఓడిపోతే ఒట్టు.

పోయినసారి దుప్పటన్నానా? ప్యాంటేనండీ. దుప్పటి వేరే కుర్రాడు.

ఇంకోసారి ఒహాయో నది పొంగి వంతెన మూసేశారు. అవతలి ఒడ్డున ఇండియానా కాలేజీవాళ్ళు నా కుర్రాడింట్లో దిగబడి ఉన్నారని కబురొచ్చింది. ఏం చేశాననుకున్నారు? బూట్లు మెళ్ళో వేసుకుని, కుర్రాడు సంతకం పెట్టాల్సిన కాయితం పళ్ళ మధ్య కరిచిపట్టుకుని ఈదాను. నదిలో కొట్టుకుపోతున్న ఆవు ఒకటి కాసేపు నాతోపాటే వచ్చింది. ఒడ్డెక్కి చూస్తే ఇండియానా కోచ్ సోఫాలో కూర్చుని పై ముక్క కోసం ప్లేటు చాస్తున్నాడు. "అమ్మా, ఆకలి" అన్నాను. ఆ మహాతల్లి పళ్ళెం నా ముందు పెట్టింది. మొత్తం తినేశాను, పళ్ళెం అంచుతో సహా నాకాను. అవతలివాడికి ముక్క మిగలనిస్తేగా? పై దక్కనివాడికి కుర్రాడేం దక్కుతాడు!

నవ్వారు. అదిగో, నవ్వారు! నేను చూశాను.

ఇప్పుడేదీ ఆ భాగ్యం? ఎవడింటికి వెళ్ళాలి? వసంతం వస్తే చాలు, కాలేజీ మారదలుచుకున్న ఆటగాళ్ళందరి పేర్లూ ఒక్కచోట కుమ్మరిస్తారు కంప్యూటర్‌లో. దాన్ని పోర్టల్ అంటారు. పేరు చూస్తే ఏదో దేవలోక ద్వారంలా ఉంటుంది. గుర్రాల సంత నయం! అక్కడ కనీసం పళ్ళు చూడనిస్తారు. ఇక్కడ పేరు పడీ పడగానే దేశంలో కోచ్‌లందరూ గద్దల్లా వాలతారు. మనం ఫోన్ చేస్తాం. ఎత్తేది కుర్రాడు కాదు. "నేను వాడి మావయ్యని" అంటాడొకడు. కాసేపటికి ఇంకో మావయ్య. మొదటి మావయ్య పేరు అడిగితే వీడికి తెలీదు. "మా ఇంటికి రావద్దు సార్, మెసేజ్ పెట్టండి" అంటారు. మెసేజ్! ప్రెంటిస్ టాలివర్ మెసేజ్ పెట్టాలా? ఈ గొంతునా మీరు బొటనవేళ్ళలోకి దించమనేది?

పిల్లలు అడిగే ప్రశ్నలు వినాలి మీరు. మా రోజుల్లో "కోచ్, నన్ను ఆడిస్తారా?" అనేవారు. తల్లులు "వాడు చర్చికి వెళ్తాడా?" అనేవారు. మీరేమడిగారో గుర్తుందా? "డిగ్రీ పట్టా తీసుకుంటాడా?" అన్నారు. అంతే. ఇంకో మాట లేదు. ఇప్పుడు అడిగేది, "డబ్బెంతిస్తారు? ఎప్పుడిస్తారు? ఫలానావాళ్ళు ఇంతకంటే ఎక్కువిస్తామన్నారే?" బేరం, బేరం, బేరం. డేటన్‌లో ఒక తల్లిని చూశాను. పాపం, కొడుకు ఏడాదికో కాలేజీ మారుతుంటే, ఏ కాలేజీ టోపీ పెట్టుకుని ఆట చూడ్డానికి రావాలో తెలీక గొడుగు పట్టుకుని కూర్చుంది. ఇండోర్ స్టేడియంలో!

మా పెద్ద కోచ్ ఉన్నాడు చూడండి, ఆ హేన్స్. వాడికి నా మనవడి వయసు. పళ్ళు తెల్లగా, చొక్కా బిగుతుగా. బల్లమీద ఇంత తెర. తెరమీద రంగురంగుల గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో కుర్రాడు. వేలితో తోస్తే ఇక్కణ్ణించి అక్కడికి జరుగుతాడు. "వీడి తల్లి పేరేంటి?" అని అడిగాను ఒకసారి. "ఆ సమాచారం మన దగ్గర లేదు, కోచ్" అన్నాడు. తల్లి పేరు లేదట! మరేం సమాచారం ఉన్నట్టు? మీ పేరు నేను చెప్పాను వాడికి. వెర్నీస్ హబర్డ్, చర్చిలో తెల్ల చేతి తొడుగులతో జనాన్ని కూర్చోబెట్టే పెద్దావిడ, ఆవిడ కనుబొమ్మ ఎత్తితే పసిపిల్లలు ఏడుపాపేస్తారు అని. వాడు తెరవైపు చూసుకుంటూ "మంచిది" అన్నాడు.

ఆగండి, ఆ కనుబొమ్మ దించండి. చెప్తున్నాగా.

అసలు సంగతి ఈ ఆతిథ్యం పనితో మొదలైంది.

మా దగ్గరొక ఆనవాయితీ ఉంది. బయటి కుర్రాడు కాలేజీ చూడ్డానికి వస్తే, ఆ రెండ్రోజులూ వాడికి తోడుండే బాధ్యత మా జట్టులో ఒకడికి అప్పజెబుతాం. తిప్పాలి, తినిపించాలి, నవ్వించాలి, నలుగురికీ పరిచయం చెయ్యాలి. కోచ్ చెప్పే మాట ఎవడు నమ్ముతాడు? తోటి కుర్రాడు చెబితే నమ్ముతారు. ఆ పనికి మీ టెవిన్‌ని మించినవాడు ఈ దేశంలో పుట్టలేదు. నేను తర్ఫీదిచ్చాను మరి! కాదు, సగం మీరిచ్చారు. పెద్దవాళ్ళొస్తే లేచి నిలబడ్డం, తలుపు పట్టుకోవడం, ఎదుటివాడి గ్లాసు ఖాళీ అయిందేమో చూసుకోవడం, అవి మీవి. మిగతాదంతా నాదే.

వాడు చేస్తే అదొక కళ. భోజనశాలలో గరిటె పట్టుకునే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి "ఈవిడే మా అసలు కోచ్" అంటాడు. దీపాలు ఆర్పేసిన ఆట మైదానంలోకి తీసుకెళ్ళి, మధ్యలో నిలబెట్టి, ఏం మాట్లాడకుండా ఊరుకుంటాడు. ఆ చీకట్లో ఆ ఖాళీ కుర్చీలన్నీ చూస్తూ నిలబడితే ఎంతటివాడికైనా వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. వాడు తిప్పినవాళ్ళలో మా దగ్గరికి రానివాడు లేడు. మా జట్టులో సెంటర్‌గా ఆడే ఎత్తరి కుర్రాణ్ణి తెచ్చాడు. నెబ్రాస్కానించి ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. నేను తెచ్చానని అందరికీ చెప్పుకుంటాను గానీ, తెచ్చింది వాడే.

ఈసారి వచ్చినవాడి పేరు ఐజయా బ్రెక్. చురుకైనవాడు. పోర్టల్‌లో వాడి పేరు పడగానే హేన్స్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, బడి గంట విన్న పిల్లాడిలా. మొన్న మంగళవారం అందరం బల్లచుట్టూ కూర్చున్నాం. "శుక్రవారం వస్తున్నాడు. తోడుగా ఎవణ్ణి పెడదాం?" అన్నాడు హేన్స్. వాడి మాట పూర్తవ్వకముందే నేను "టెవిన్" అన్నాను. ఎప్పుడూ అనే మాటేగా! నాలుక కొసన ఉంటుంది.

అన్నాక తట్టింది. బ్రెక్ ఆడేదెక్కడ? బంతి నడిపే చోట. టెవిన్ ఆడేదెక్కడ?

అవును మిస్ వెర్నీస్. అక్కడే.

బల్లచుట్టూ అందరూ కాయితాలు సర్దుకున్నారు. అందరికీ తట్టింది, నాకు కనపడుతూనే ఉంది. హేన్స్ పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, "టెవిన్ అయితే మంచిదే" అన్నాడు. నేను వద్దనొచ్చు. ఇంకో పేరు చెప్పొచ్చు. నోరు తెరిస్తే పొద్దు గుంకేదాకా మూయనివాణ్ణి, ఆ నిమిషం మాత్రం బిస్కెట్టు తింటూ కూర్చున్నాను.

ఎందుకు ఊరుకున్నానో అడక్కండి. అడిగారా? ఎందుకంటే, టెవిన్‌ని పెడితే బ్రెక్ కచ్చితంగా వస్తాడు. అందుకూ.

శనివారం మధ్యాహ్నం మా ఊళ్ళో పంది పక్కటెముకల మాంసం కాల్చి పెట్టే హోటలుకి బ్రెక్‌ని తీసుకెళ్ళాడు టెవిన్. నేను ముందే వెళ్ళి వెనక బల్ల దగ్గర మెనూ కాయితం మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గూఢచారి పనిలో నన్ను మించినవాడు లేడు. హోటలు పిల్ల "ఏం కోచ్ టాలివర్, తలకిందులుగా చదువుతున్నారేంటి?" అని అరిచింది గానీ, అదృష్టం కొద్దీ వాళ్ళు వినలేదు.

బ్రెక్ బాగానే తిన్నాడు. వేళ్ళు నాక్కుంటూ అడిగాడు, "బ్రో, నువ్వు ఆడేదెక్కడ?"

"బంతి నడుపుతాను."

"మరి నేనూ అదేగా?"

"అవును."

"నాకిస్తే నీది పోతుందిగా?"

"పోవచ్చు. ఆ సాసు ఇటు తొయ్."

"నీకు పిచ్చా? నేనైతే ఈ ఊరు దెయ్యాల కొంప అని చెప్పి, వచ్చిన బస్సులోనే ఎక్కించి పంపేవాణ్ణి!"

టెవిన్ నవ్వాడు. "మా అమ్మమ్మ ఊరుకోదు. ఇంటికొచ్చినవాడికి కడుపునిండా పెట్టి, నిజం చెప్పి పంపాలంటుంది. తిను, చల్లారిపోతోంది."

"నిజమే చెప్పు. ఈ కోచ్‌లు మంచోళ్ళేనా?"

"హేన్స్ మంచివాడే, తెరలోంచి తలెత్తితే. ఆ ముసలాయన ఉన్నాడే, టాలివర్, కోతలు కోస్తాడు. ఆయన ఈదని నది లేదు. పోయిన వారం నది వెడల్పు ఇంకాస్త పెరిగింది." ఇద్దరూ పడీపడీ నవ్వారు. నేను మెనూ వెనక పళ్ళు నూరాను. అప్పుడన్నాడు మీవాడు, "కానీ మాట మీద నిలబడే మనిషి. మా అమ్మమ్మ ఎదురుగా మాటిచ్చి నన్ను తీసుకొచ్చాడు. నేను పట్టా తీసుకునేదాకా వదలడు."

అదీ మాట.

నాకు గుండె ఆగినట్టయిందని చెప్పనా? చెప్తే అబద్ధం. ఆ రోజు గుండె ఏమీ ఆగలేదు మిస్ వెర్నీస్. బ్రెక్ మొహం చూశాను నేను. కరిగిపోయాడు! దొరికాడు! బల్లకింద పిడికిలి బిగించి మోకాలిమీద గుద్దుకున్నాను. టెవిన్ నా గురించి చెప్పిన మంచి మాటకి నాకు తట్టిన మొదటి సంగతి ఏంటో తెలుసా? "భలే అన్నావురా, ఆ మాటతో పడిపోతాడు" అని. మిగతాదంతా కారు తోలుకుంటూ ఇంటికెళ్తుంటే తట్టింది.

గుడ్డు వలవడం ఆపేశారేం? కానివ్వండి, కానివ్వండి.

సరే, చెప్పేస్తాను. జట్టులో ఉన్నవి పదిహేను కుర్చీలు. పోయినవాళ్ళ చోట్లో కొత్తవాళ్ళొచ్చి పద్నాలుగు నిండాయి. పదిహేనోది మీవాడిది. నిన్నటిదాకా వాడిదే. బ్రెక్ వస్తే ఇక వాడిది కాదు. స్కాలర్‌షిప్ ఏడాదికేడాది రాసిచ్చేదే, మీకు తెలుసుగా. ఈసారి రాయరు. నిన్న సాయంత్రం హేన్స్ నన్ను పిలిచి, "కోచ్, మీకు ఆ కుటుంబంతో మంచి చనువుందిగా. టెవిన్ తనంతట తానే పోర్టల్‌లో పేరు పెట్టుకుంటే అందరికీ గౌరవంగా ఉంటుంది" అన్నాడు. అందరికీ అట! ఆ అందరిలో టెవిన్ ఉన్నాడో లేడో నేను అడగలేదు. పొద్దున్నే కారు తాళాలు తీసుకుని బయల్దేరాను.

ఆ చూపు చూడకండి. ఆ చూపుకి పాస్టరుగారే తడబడతారు, నేనెంత?

అరుస్తారా? అరవండి. నాకు అరుపులు అలవాటే. టెన్నెసీలో ఒకావిడ నా మీదికి పెనం విసిరింది, ఆ పెనం గాల్లోనే పట్టుకుని "చాలా మంచి పెనమమ్మా" అన్నాను. మీరిలా మాట్లాడకుండా ఉంటే మాత్రం నాకు చేతకాదు.

చదువా? చదువుతోనే వచ్చింది చిక్కు. వంతెనలు కట్టే చదువు చదువుతున్నాడు. ఇంకో కాలేజీకి వెళ్తే వాళ్ళు వీడు ఇక్కడ చదివినవాటిలో సగం ఒప్పుకోరు. "మా దగ్గర ఆ పాఠం వేరే ఉంది, మళ్ళీ చదువు" అంటారు. ఆటకి మిగిలింది ఒక్క ఏడాది. ఆట అయిపోయాక ఆ మిగతా చదువు ఎవడు చెప్పిస్తాడు? నాకు తెలుసండీ. నాకు తెలియకేం. ఇలాంటి పిల్లల్ని చూశాను. ఆఖరి మెట్టు ముందు ఆగిపోయినవాళ్ళు. తర్వాత ఎక్కడో గోదాములో బండి తోలుతూ కనపడతారు. "కోచ్!" అని పెద్దగా పిలిచి, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తారు. అదింకా కష్టం.

నేను ప్రయత్నం చెయ్యలేదనుకోకండి! నిన్న సాయంత్రం కూర్చుని ఫోన్లు కొట్టాను. వాడికి దగ్గర్లో, మంచి చోటు, చదువు పోకుండా. ఈ దేశంలో నేను ఫోన్ చేస్తే లేచి నిలబడని కోచ్ లేడు! సగంమంది నా చేతుల్లో పెరిగినవాళ్ళే!

ఒక్కడూ ఎత్తలేదు.

ఎత్తాడు, ఒకడు ఎత్తాడు. ఇలినాయ్‌లో చిన్న కాలేజీ. నేను "కుర్రాడొకడున్నాడు" అని మొదలెట్టేలోపే, "అయ్యో కోచ్ టాలివర్, మా దగ్గర ఇప్పుడు ఉద్యోగాలేం ఖాళీల్లేవు" అన్నాడు. నాకు ఉద్యోగం కావాలనుకున్నాడండీ! నాకు! నవ్వొచ్చింది. అంటే, కాసేపయ్యాక వచ్చింది.

ఉండండి. ఫోన్ మోగుతోంది.

వాడే. ఐజయా బ్రెక్.

ఇంకా సంతకం పెట్టలేదండీ వాడు, అదీ సంగతి! వస్తానని మాటిచ్చాడు గానీ, దక్షిణాదిన ఇంకో కాలేజీ పొద్దుటినించీ వాడి చెవిలో దూరింది. పొద్దున మెసేజ్ పెట్టాడు: "మధ్యాహ్నం ఫోన్ చేస్తా కోచ్. మీరు నాలుగు ముక్కలు చెప్తే ధైర్యంగా ఉంటుంది. లేకపోతే అటే వెళ్ళిపోతా." ఇదిగో, చేస్తున్నాడు.

ఎత్తకపోతేనా? ఎత్తకపోతే అటెళ్ళిపోతాడు. బంతి నడిపేవాళ్ళు సంతలో ఇంకెవరూ మిగల్లేదు, ఉన్నవాళ్ళందర్నీ ఎత్తుకుపోయారు. అప్పుడా పదిహేనో కుర్చీ టెవిన్‌దే. హేన్స్ తెరలో గడి మళ్ళీ వెనక్కి జరుపుతాడు, అంతే. మీ మనవడు ఉంటాడు, ఆడతాడు, చదువు పూర్తిచేస్తాడు. మీరు మీ నీలం టోపీ పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంటారు.

ఇదంతా నా బొటనవేలి కింద ఉంది. చూడండి, ఎంత చిన్న మీటో.

మోగనివ్వండి. నేను ఎత్తను. ప్రెంటిస్ టాలివర్ పుట్టి బుద్ధెరిగాక, పిలిచే కుర్రాడికి పలక్కపోవడం ఇదే మొదలు! నది ఈదడం ఇంతకంటే తేలిక. చేతులు వెనక్కి పెట్టుకున్నాను, చూశారా? నా కుర్చీ వెనక కట్టేసుకుంటాను. మోగవే, మోగు! బల్లంతా వణుకుతోంది చూశారా, గిన్నెలో గుడ్లు కూడా.

ఏమన్నారు? మీరేం అనలేదా? అంటే బాగుండు. "ఎత్తకు" అని ఒక్క మాటనండి. లేదా "ఎత్తు, నీ పని నువ్వు చేసుకో" అనండి. ఏదో ఒకటి. నా మీదికి వదిలేస్తారేం?

ఆగింది.

ఆగిపోయింది! చూశారా? చూశారా మిస్ వెర్నీస్! అయిపోయింది! నేను చేశాను! ఇలాంటిది ఇంకెవడైనా చేస్తాడా? నా వృత్తిలో, నా వయసులో, అలాంటి కుర్రాణ్ణి, దోసిట్లో ఉన్నవాణ్ణి వదిలేశాను! మీకోసం! టెవిన్‌కోసం! దీన్ని ఎవరికీ చెప్పుకోవడానికి కూడా లేదు, అదే కొంచెం బాధ.

ఇక ఒక గుడ్డివ్వచ్చు మీరు.

థాంక్యూ. ఉప్పుందా? వద్దులెండి, బావుంది.

బావుంది.

...ఇప్పుడు వాడు అటువాళ్ళకి చేస్తుంటాడు కాబోలు. ఆ దక్షిణాది కోచ్, గుండ్రాయిలా నున్నగా ఉంటాడు, వాడు నాకు తెలుసు. "టాలివర్ పలకలేదా? ముసలాడు పడుకునుంటాడులే" అంటాడు. అంటాడండీ, వాడి నోరు నాకు తెలుసు. రేపటికి కోచ్‌లందరూ అదే అనుకుంటారు. అయిపోయాడు టాలివర్, వాడికి ఫోన్ కూడా వినపడ్డం లేదట అని. వినపడలేదా! నాకా!

పోనివ్వండి. అనుకోనివ్వండి.

మీకొకటి చెప్పనా? నేను ఈ పని జీతానికి చేస్తున్నానని జనం అనుకుంటారు. మా ఆవిడ, ఆమె ఆత్మకి శాంతి కలగాలి, గెలుపు కోసం అనుకునేది. గెలుపూ కాదు. ఆట మొదలయ్యాక నాకు నిద్రొస్తుంది, మిస్ వెర్నీస్, నిజంగా నిద్రొస్తుంది. నాక్కావలసింది ఒక్కటే మాట. ఎక్కడో ఎవడో కుర్రాడు, ఊపిరి పీల్చి, "సరే కోచ్, వస్తాను" అంటాడు చూడండి. ఆ మాట. అది చెవిన పడకపోతే నాకు వసంతం వచ్చినట్టే ఉండదు. చెట్లు పూస్తాయి, నాకేం కనపడవు. టెవిన్ ఇదే వంటింట్లో ఆ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి అన్నాడు. ఆ మాటన్నాక వాడితో నాకు పని... ఎలా చెప్పను. ఆ మాటన్నాక వాళ్ళు వచ్చేసినవాళ్ళు. అంతే.

ఈ ఏడాది ఎవడూ నాతో అనలేదు. అన్నీ మావయ్యలతోనూ మెసేజ్‌లతోనూ అయిపోయాయి. ఈ బ్రెక్ ఒక్కడే, గొంతు వినాలని ఫోన్ చేసినవాడు. నా గొంతు.

లేదు, లేదు. ఏం చెయ్యడం లేదు. ఊరికే చేతిలోకి తీసుకున్నాను. చేసింది వాడేనా కాదా అని చూస్తున్నాను.

వాడే.

మర్యాదగా ఉండదు కదండీ. ఒక పిల్లాడు పెద్దవాణ్ణి నమ్మి ఫోన్ చేస్తే, పలక్కుండా ఊరుకోవడం, అది మీరు నేర్పే పద్ధతా? "అటే వెళ్ళు నాయనా, నీకు మంచిది" అని చెప్తాను. అంతే. ఒక్క ముక్క. చెప్పి పెట్టేస్తాను. టెవిన్ సంగతి నేను చూసుకుంటాను, మీకెందుకు, నాకు తెలిసినవాళ్ళు లేరా ఈ దేశంలో?

మీరు లేవకండి. తలుపు తీసి పట్టుకోనక్కర్లేదు, మిస్ వెర్నీస్, నేనే వెళ్తాను వరండాలోకి. అయ్యో, నా టోపీ కూడా ఇస్తున్నారే. మళ్ళీ వస్తానుగా... సరే. సరే, ఇవ్వండి.

నేనింతే. ఏం చేస్తాం.

రింగవుతోంది.

హలో! ఐజయా! అబ్బే, పనేముంటుంది నాయనా నాకు? నీ ఫోన్ కోసమే పొద్దుటినించీ కాచుక్కూర్చున్నాను.